హీట్ పంపు సరిగా వేడి చేయనప్పుడు: గుంటూరులోని ఒక మరమ్మతు దుకాణం పనితీరుపై సమీక్ష

స్నానాల నీళ్ల కోసం ఇంట్లో హీట్ పంపు పెట్టించుకున్నవారు గుంటూరు, విజయవాడల్లో ఇంకా తక్కువే. దానిని అమ్మేవారు దొరుకుతున్నారు గాని, అది మొరాయించినప్పుడు లోపలి సంగతి తెలిసి చేయి పెట్టేవారు దొరకడం కష్టం. గీజర్లు బాగుచేసేవారు కంప్రెసరును చూసి ఇది ఏసీ వాళ్ల పని అంటారు. ఏసీ మెకానిక్కులు నీళ్ల ట్యాంకును చూసి ఇది గీజరు వాళ్ల పని అంటారు. అరండల్‌పేటలోని ఈ చిన్న దుకాణం రెండు పనులనూ ఒకే చేతి మీద చేస్తుంది. అంతకంటే ముఖ్యంగా, కొలవనిదే ఏ భాగాన్నీ తప్పుపట్టదు. ఈ సమీక్ష రాయడానికి ప్రధాన కారణం ఆ రెండో గుణమే.

మా ఇంట్లో ఉన్నది రెండు వందల లీటర్ల యంత్రం. కింద నీళ్ల ట్యాంకు, దాని నెత్తిన కంప్రెసరు, ఫ్యాను, కాయిలు ఉంటాయి. ఇది కరెంటుతో నేరుగా నీటిని కాచదు. చుట్టూ ఉన్న గాలిలోని వేడిని కాయిల్‌లోని గ్యాసు పీల్చుకుంటుంది, కంప్రెసరు ఆ గ్యాసును నొక్కి మరింత వేడెక్కిస్తుంది, ఆ వేడి ట్యాంకులోని నీటికి చేరుతుంది. రెండు వందల లీటర్ల నీటిని 27 డిగ్రీల నుంచి 55 డిగ్రీలకు తేవాలంటే 5,600 కిలోకేలరీల వేడి కావాలి; అంటే దాదాపు ఆరున్నర యూనిట్లు. మామూలు గీజరు ఆ ఆరున్నర యూనిట్లనూ మీటరు నుంచే తీసుకుంటుంది. సక్రమంగా పనిచేసే హీట్ పంపు రెండు యూనిట్ల చిల్లరతో ఆ పని ముగించి, మిగిలినది గాలి నుంచి తెచ్చుకుంటుంది. అయితే అది నింపాదిగా చేసే పని. ఇరవై అయిదు లీటర్ల గీజరు అరగంటలోపే నీళ్లు కాచి ఇస్తే, ఈ పరిమాణం హీట్ పంపుకు చల్లటి ట్యాంకును పూర్తిగా వేడెక్కించడానికి నాలుగు గంటల దాకా పట్టవచ్చు. యంత్రం చెడిపోయిందని వచ్చే ఫిర్యాదుల్లో కొన్ని ఈ తేడా ఎవరూ చెప్పకపోవడం వల్ల వచ్చేవేనని దుకాణదారు అన్నారు, నమ్మదగిన మాటే.

మా ఫిర్యాదు మాత్రం అది కాదు. కార్తీకం వచ్చి, తెల్లవారుజామున స్నానాలు మొదలయ్యేసరికి కింది అంతస్తు స్నానాల గదిలో నీళ్లు గోరువెచ్చగా తప్ప రావడం లేదు. పై అంతస్తులో ఫరవాలేదు. యంత్రం మీది అంకె ఒక్కోసారి 55 చూపిస్తూనే ఉంది, అయినా కింద మా అత్తగారికి స్నానానికి సరిపడే వేడి అందడం లేదు. దీనికి తోడు, ఇదివరకు ఉదయం పూట ఆగిపోయే కంప్రెసరు మధ్యాహ్నం దాటినా నడుస్తూనే ఉంది. యంత్రం అమ్మిన సంస్థ తరఫున వచ్చిన కుర్రవాడు మూత తీసి, పైపు మీద చెయ్యి వేసి, గ్యాసు అయిపోయిందని, బహుశా కంప్రెసరు కూడా మార్చవలసి వస్తుందని చెప్పి, అంచనా ఫోనులో పంపించి వెళ్లిపోయాడు. ఆ మొత్తం కొత్త యంత్రం ధరలో సగానికి దగ్గరగా ఉంది. అతను వెంట తెచ్చుకున్న సంచిలో మీటరు ఉందో లేదో తెలియదు; బయటికి మాత్రం తీయలేదు.

ఈ దుకాణానికి ఫోను చేసినప్పుడు యజమానే ఎత్తారు, ఆయనే మెకానిక్కు కూడా. వస్తానని చెప్పడానికి ముందే ఆయన అడిగిన ప్రశ్నలు నన్ను ఆకట్టుకున్నాయి. నీళ్లు అన్ని కుళాయిల్లోనూ చల్లగా వస్తున్నాయా, ఒక్క గదిలోనేనా? యంత్రం నడుస్తున్నప్పుడు పక్కనున్న సన్న గొట్టం నుంచి నీళ్లు కారుతున్నాయా? కాయిల్ మీద మంచు పడుతోందా? ఈ మధ్య స్నానాల గదుల్లో ఏదైనా ప్లంబింగు పని చేయించారా? ఈ నాలుగు ప్రశ్నలకు జవాబులు చెప్పేసరికి, తప్పు ఒకటి కాదని, రెండు వేర్వేరు తప్పులు కలిసి ఒకటిగా కనిపిస్తున్నాయని ఆయనకు అనుమానం వచ్చినట్లుంది. “అమ్మా, గ్యాసు ఏమన్నా పెట్రోలా, వాడితే అయిపోవడానికి? ఎక్కడో కారితేనే తగ్గుతుంది. ముందు తక్కినవి చూద్దాం” అన్నారు.

వచ్చాక ఆయన మొదట యంత్రం ఉన్న డాబా మీదికి వెళ్లలేదు. కింది స్నానాల గదిలోనే మొదలుపెట్టారు. అక్కడ చేసిన పరీక్షకు పనిముట్లేవీ అక్కరలేదు కాబట్టి, ఇలాంటి ఇబ్బంది ఉన్నవారు ఎవరైనా ఇంట్లో చేసుకోవచ్చు. హీటరులోకి చన్నీళ్లు వెళ్లే వాల్వును పూర్తిగా కట్టేసి, వేడినీళ్ల కుళాయిని తిప్పాలి. ట్యాంకులోకి నీళ్లు వెళ్లడం లేదు గనుక, పైపులో మిగిలిన కొద్దిపాటి నీళ్లు వచ్చాక ధార ఆగిపోవాలి. ఆగకుండా వస్తూనే ఉంటే, ఆ నీళ్లు హీటరును దాటి వేరే దారిన వేడినీళ్ల పైపులోకి చొరబడుతున్నాయని అర్థం. మా ఇంట్లో ధార ఆగలేదు. కింది గదిలో ఆ మధ్య బిగించిన, చన్నీళ్లనూ వేడినీళ్లనూ కలిపే మిక్సరుకు చివర చేతి షవరు ఉంది; షవరు చివరనున్న మీటతోనే నీళ్లు కట్టేసి, వెనక ఉన్న రెండు కుళాయిలనూ తెరిచే ఉంచడం ఇంట్లో అందరికీ అలవాటు. అలా ఉన్నప్పుడు మిక్సరు కడుపులో చన్నీళ్లకూ వేడినీళ్లకూ దారి కలిసిపోతుంది. బకెట్టు కోసం పక్క కుళాయి తిప్పగానే, డాబా నుంచి ట్యాంకు గుండా దిగివచ్చే వేడినీళ్ల కంటే తిన్నగా వచ్చే చన్నీళ్ల ఒత్తిడి ఎక్కువ కావడంతో, అవే ముందు దూరి కలుస్తాయి. ట్యాంకులో 55 డిగ్రీలున్నా కుళాయిలో గోరువెచ్చగా రావడానికి కారణం ఇదీ. మిక్సరుకు వెళ్లే రెండు పైపులకూ నీటిని ఒక్క వైపే పోనిచ్చే ఎన్‌ఆర్‌వీలు బిగించి, అదే పరీక్ష మళ్లీ చేసి చూపించారు. ఈసారి ధార ఆగింది. హీట్ పంపు వేడి చేయడం లేదన్న ఫిర్యాదులో సగభాగానికి హీట్ పంపుతో సంబంధమే లేదని ఇక్కడే తేలిపోయింది. కంప్రెసరు మార్చినా ఈ గదిలో నీళ్లు ఇలాగే వచ్చేవి.

మిగిలిన సగం డాబా మీద ఉంది. యంత్రాన్ని మొదట బిగించినవారు మెట్ల గదిలో ఒక మూల నిలబెట్టారు. వానకు తడవకుండా ఉంటుందన్నది వారి ఉద్దేశం కావచ్చు. కాని హీట్ పంపు పీల్చుకునే గాలి నుంచి వేడి తీసుకుని చల్లటి గాలిని వదులుతుంది. తలుపులు, అద్దాలు మూసిన చిన్న గదిలో అది తాను వదిలిన చల్లగాలినే మళ్లీ పీల్చుకుంటుంది. గంట గడిచేసరికి గది చల్లబడుతుంది, గాలిలో తీసుకోవలసిన వేడి తగ్గుతుంది, కంప్రెసరు మరింత సేపు శ్రమించాలి. దానికి తోడు కాయిల్ రేకుల మధ్య దుమ్ము, సన్నటి నూగు అట్టకట్టి ఉన్నాయి. గుంటూరులో పత్తి మిల్లుల చుట్టుపక్కల ఇళ్లకు, మిర్చి సీజన్‌లో యార్డు వైపు ఉన్నవారికి ఇది మరీ ఎక్కువని, ఏసీ బయటి యూనిట్లలో తాను రోజూ చూసేదేనని ఆయన చెప్పారు. లోపలికి పోయే గాలినీ, ఫ్యాను వదిలే గాలినీ రెండు థర్మామీటర్లతో కొలిచి, అంకెలు ఒక కాగితం మీద రాసుకున్నారు.

మంచు విషయం ఇక్కడ కాస్త వివరంగా చెప్పాలి. యంత్రంతో ఇచ్చిన పుస్తకంలో, చలికాలంలో కాయిల్ మీద మంచు పేరుకోవడం సహజమనీ, యంత్రం దానంతట అదే కరిగించుకుంటుందనీ, అంతసేపూ వేడి చేయడం ఆగుతుందనీ ఉంది. అది గాలి సున్నా డిగ్రీల దరిదాపులకు చేరే దేశాల వారి కోసం రాసిన మాట. అక్కడ ఇళ్లను వెచ్చగా ఉంచేవి కూడా ఇవే యంత్రాలు కాబట్టి, మంచు కరిగించే ఏర్పాటు సరిగా పనిచేయకపోవడం అక్కడి మెకానిక్కులు మొదట చూసే లోపాల్లో ఒకటి. కృష్ణా తీరాన జనవరి తెల్లవారుజామున కూడా గాలి ఇరవై డిగ్రీలకు అటూ ఇటూగా ఉంటుంది. అలాంటి గాలిలో కాయిల్ మీద మంచు పడిందంటే అది సహజం కాదు, జబ్బు లక్షణం. గాలి ఆడకపోవడం వల్ల గాని, గ్యాసు తగ్గడం వల్ల గాని కాయిల్ ఉండవలసిన దానికంటే చల్లబడుతోందన్నమాట. మా యంత్రంలో అడుగున ఒక వరుసలో పలుచని మంచు ఉంది. సంస్థ కుర్రవాడు గ్యాసు తగ్గిందనడానికి బహుశా అదే ఆధారం. కాని రెండు కారణాలున్న లక్షణానికి ఖరీదైన కారణాన్నే ముందు ఎంచుకోవడం న్యాయం కాదు.

కాయిల్‌ను మెత్తటి బ్రష్షుతో దులిపి, తక్కువ ఒత్తిడి నీళ్లతో లోపలి నుంచి బయటికి కడిగారు. ఎక్కువ ఒత్తిడితో కొడితే అల్యూమినియం రేకులు వంగిపోయి, ఉన్న గాలి కూడా ఆడదు. వంగినవాటిని దువ్వెన లాంటి పనిముట్టుతో సరిచేశారు. చల్లగాలి బయటికి పోయేలా ఫ్యాను ముందుకు రేకు గొట్టం అమర్చి, కిటికీలోంచి బయటికి తీశారు. ఆ తరువాత మళ్లీ కొలిస్తే, లోపలికి పోయే గాలికీ బయటికి వచ్చే గాలికీ మధ్య నిలకడగా ఆరేడు డిగ్రీల తేడా కనిపించింది. పక్క గొట్టం నుంచి నీళ్లు ధారాళంగా కారడం మొదలైంది. మన ఊళ్ల ఉక్కపోతలో ఆ కారే నీళ్లు మంచి సూచన: గాలిలోని తేమ కాయిల్ మీద చెమర్చి కారుతోందంటే కాయిల్ చల్లబడుతోంది, అంటే కంప్రెసరు గ్యాసును తిప్పుతోంది. తేమగా ఉన్న రోజున కంప్రెసరు మోగుతున్నా చుక్క కారకపోతే అప్పుడు గ్యాసు గురించి ఆలోచించాలి.

గ్యాసు ఒత్తిడిని చూపే గేజీలు ఆయన బిగించనేలేదు. అది నిర్లక్ష్యమేమోనని నాకు మొదట అనిపించి అడిగాను. గేజీ తగిలించి తీసిన ప్రతిసారీ గొట్టంలోకి కొంత గ్యాసు పోతుందని, పెద్ద ఏసీలో అది లెక్కలోకి రాదు గాని, మొత్తం కలిపి కిలో కూడా ఉండని ఇలాంటి యంత్రంలో ఆ కాస్తా తేడా తెస్తుందని, అందువల్ల బయటి కొలతలు సరిగా ఉన్నప్పుడు లోపలికి వెళ్లనని జవాబిచ్చారు. క్లాంప్ మీటరుతో కంప్రెసరు తీసుకునే కరెంటును కొలిచి, యంత్రం మీది రేకుపై ముద్రించిన అంకెతో పోల్చి చూపించారు. గ్యాసు బాగా తగ్గితే కంప్రెసరు మీద భారం పడదు కాబట్టి కరెంటు ఆ అంకె కంటే చాలా తక్కువగా ఉంటుంది. మా యంత్రంలో తేడా స్వల్పమే. నిజంగా గ్యాసు ఎక్కించవలసి వస్తే ఏం చేయాలో కూడా చెప్పారు: ముందు నైట్రోజన్ నింపి కారే చోటు పట్టుకోవాలి, దాన్ని వెల్డింగు చేయాలి, వ్యాక్యూమ్ పంపుతో లోపలి గాలినీ తేమనూ లాగేయాలి, ఆపైన రేకు మీద రాసిన తూకం ప్రకారం త్రాసు మీద సిలిండరు పెట్టి ఎక్కించాలి. గేజీ చూస్తూ అందాజుగా నింపడం ఇందులో కుదరదు. గ్యాసు ఆర్‌410ఎ లాంటి మిశ్రమమైతే ద్రవరూపంలోనే ఎక్కించాలి. ఆర్‌290 అయితే అది ప్రొపేను, మంటకు అంటుకునేది, దాన్ని అన్ని చేతులూ ముట్టుకోకూడదు. ఎవరైనా త్రాసు, వ్యాక్యూమ్ పంపు లేకుండా గ్యాసు పడతామని వస్తే మర్యాదగా వెనక్కి పంపడం మేలని నా అభిప్రాయం.

సెన్సరు పరీక్ష త్వరగా ముగిసింది. ట్యాంకు గోడకు తగిలించి, నీటి వేడిని యంత్రానికి తెలిపే ఆ చిన్న సెన్సరు నిరోధం వేడి పెరిగేకొద్దీ తగ్గుతుంది. 25 డిగ్రీల వద్ద పది కిలో ఓంలు చూపించే రకాలు ఎక్కువగా వాడతారు. మాది సరిగానే ఉంది. అది జారిపోయి గోడకు ఆనకుండా ఉన్నా, యంత్రం తప్పు అంకెను నమ్మి ముందే ఆగిపోవడమో, అసలు ఆగకపోవడమో జరుగుతుందట. వోల్టేజీ కూడా చూశారు. మన దేశంలో ఇళ్లకు 230 వోల్టులు, దానికి పది శాతం అటూ ఇటూ, అంటే సుమారు 207 నుంచి 253 దాకా రావడం ప్రమాణం. అంతకంటే పడిపోతే కంప్రెసరు మొదలుకాలేక మూలుగుతుంది. అలాంటి వీధుల్లో స్టెబిలైజరు తప్పదు. మా వీధిలో ఆ బెడద లేదు.

నీటి విషయంలో మాత్రం ఈ దుకాణం శ్రద్ధ చాలలేదు. మేము బోరు నీళ్లూ, మునిసిపాలిటీ నీళ్లూ కలిపి వాడతాం. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు మించకూడదు. వేరే నీరు దొరకనప్పుడు 600 దాకా సహిస్తారు. ఈ ప్రాంతపు బోర్ల నీళ్లు సబ్బు నురగ రానివ్వవని ఎవరిని అడిగినా చెబుతారు. అలాంటి నీళ్లు వేడెక్కితే సున్నపు పొర కడుతుంది, ట్యాంకు లోపల అదనపు సాయంగా ఉండే కరెంటు ఎలిమెంటు మీద మరీ మందంగా. ట్యాంకును తుప్పు నుంచి కాపాడటానికి లోపల ఒక మెగ్నీషియం కడ్డీ ఉంటుంది. తుప్పు ముందు దానిని తిని, ట్యాంకు ఉక్కును వదిలేస్తుంది. అది అరిగిపోయాక తుప్పు ట్యాంకు మీద పడుతుంది. ఏడాది, రెండేళ్లకోసారి తీసి చూడవలసిన ఆ కడ్డీని నేను అడిగేదాకా ఆయన తీయలేదు. తీసేసరికి సగానికి పైగా అరిగి ఉంది. కొత్తది దుకాణంలో లేదు. విజయవాడ నుంచి తెప్పించి బిగించడానికి మరోసారి రావలసి వచ్చింది, ఆ రావడం చెప్పిన రోజున జరగలేదు, ఫోను చేసి చెప్పనూ లేదు. గాలి, గ్యాసు, కరెంటుల మీద ఇంత పట్టు ఉన్న మనిషి నీళ్ల వైపు ఇంత తేలికగా చూడటం ఆశ్చర్యమే.

వేడి ఎంత పెట్టుకోవాలన్న దానిలోనూ ఆయనతో నాకు పూర్తిగా ఏకీభావం లేదు. కరెంటు ఆదా కోసం 48 చాలన్నారు. ఆదా నిజమే, నీటిని ఎంత తక్కువ వేడికి తెస్తే హీట్ పంపు అంత తేలికగా పనిచేస్తుంది. కాని గోరువెచ్చటి నీళ్లు నిల్వ ఉండే ట్యాంకుల్లో లీజియోనెల్లా అనే సూక్ష్మజీవి పెరుగుతుందని, అందువల్ల వేడినీళ్లను 60 డిగ్రీలకు తగ్గకుండా నిల్వ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఇంట్లో పెద్ద వయసువారు ఉన్నప్పుడు ఈ మాటను పక్కన పెట్టలేం. మేము రోజూ 55 పెట్టి, వారానికోసారి ఎలిమెంటు సాయంతో 60 దాటించే ఏర్పాటు చేయించుకున్నాం. అంత వేడి చేసిన రోజున నీళ్లు ఒళ్లు కాల్చకుండా కలుపుకోవాలి. ఆయన ఇచ్చిన మరొక సలహా మాత్రం నిక్షేపంలా ఉంది. తెల్లవారుజామున చల్లగాలిలో యంత్రాన్ని నడిపే బదులు, టైమరును మధ్యాహ్నం పన్నెండుకు మార్చమన్నారు. శీతకాలంలో కూడా అప్పుడు గాలి ముప్పై డిగ్రీలకు చేరువగా ఉంటుంది. ట్యాంకు చుట్టూ ఉన్న ఫోమ్ పొర వల్ల రాత్రంతా కలిపి పోయే వేడి కొద్ది డిగ్రీలే. కరెంటు పోయి వచ్చినప్పుడు కొన్ని యంత్రాల్లో గడియారం మొదటికి వస్తుందనీ, అప్పుడు టైమరు అర్ధరాత్రి పని చేస్తుందనీ హెచ్చరించారు. మాది అలాంటిదే, కాబట్టి కరెంటు పోయినప్పుడల్లా సరిచూసుకుంటున్నాం.

ఇక ఖర్చు. వచ్చి చూసినందుకు 500 రూపాయలు, కాయిల్ శుభ్రం చేసినందుకు 1,200, రెండు ఎన్‌ఆర్‌వీలకూ బిగింపుకూ కలిపి 1,100, రేకు గొట్టం, దాని అమరికకు 1,800, మెగ్నీషియం కడ్డీకి 1,400. మొత్తం ఆరు వేల రూపాయలు. సంస్థ పంపిన అంచనాతో పోల్చి చూస్తే ఇది చిన్న మొత్తం. చేసిన పనితో పోల్చి చూసినా న్యాయంగానే ఉంది. రేకు గొట్టం పనితనం మాత్రం అంత నాజూకుగా లేదు, కిటికీ దగ్గర సందుకు ఎంసీల్ పూసి వదిలేశారు. జీఎస్టీ బిల్లు అడిగితేనే ఇచ్చారు. కొలిచిన అంకెలన్నీ రాసిన కాగితం మాత్రం అడగకుండానే చేతిలో పెట్టారు. మళ్లీ ఎప్పుడైనా తేడా వస్తే ఆ అంకెలతో పోల్చి చూడవచ్చు. బిల్లు కంటే ఆ కాగితాన్నే నేను భద్రంగా దాచాను.

ప్రస్తుతం మధ్యాహ్నం మొదలైన కంప్రెసరు సాయంత్రం అయిదు లోపే ఆగిపోతోంది, కింది గదిలో నీళ్లు చన్నీళ్లు కలుపుకోవలసినంత వేడిగా వస్తున్నాయి, కాయిల్ మీద మంచు లేదు. అయిదుకు నాలుగు చుక్కలు ఇస్తున్నాను. తగ్గించిన ఒకటి కడ్డీ విషయానికీ, చెప్పిన రోజున రాకపోవడానికీ. వారంటీ ఇంకా ఉన్న యంత్రమైతే, పైన కడగడం, ప్లంబింగు సరిచేయడం వరకు వీరిని పిలవవచ్చు గాని, మూతలు విప్పే పనికి ముందు వారంటీ కాగితం చదువుకోవాలి. బయటివారు విప్పితే వారంటీ చెల్లదనే షరతు చాలా కాగితాల్లో ఉంటుంది. దుకాణం ఆదివారం తెరవదు. వేసవిలో వీరంతా ఏసీల పనిలో మునిగి ఉంటారు కాబట్టి, హీట్ పంపు పని ఉన్నవారు వానాకాలం చివరనే, చలి మొదలుకాకముందే పిలవడం మంచిది. విజయవాడకు కూడా వస్తారు గాని, రానుపోను ఛార్జీ వేరుగా తీసుకుంటారు. ఎంతో ముందే అడిగి తెలుసుకోవాలి.